మగ్గాల వరసలో పేరు

మిల్లులో మనిషికి రెండు పేర్లు. ఒకటి గేటు దగ్గర హాజరు పుస్తకంలో ఉంటుంది, రెండోది చేతుల్లో ఉంటుంది. నూటపాతిక మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే కంఠం చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. పెదాలు కదుపుతారు, వేళ్ళు తిప్పుతారు. కూతురి పెళ్ళిచూపుల్లో ఏ పిండివంట మాడిందో కూడా మూడు మగ్గాల అవతలికి పెదాలతోనే చెప్పేస్తారు. సోములుని పిలవాలంటే తొడమీద రెండు దరువులు వెయ్యాలి, వాడు తబలా వాయిస్తాడు కనక. అప్పలస్వామిని పిలవాలంటే కుడిచెవి తమ్మె పట్టుకోవాలి. పనిలో చేరిన కొత్తలో ఆ చెవికి పోగు ఉండేది. పోగు ఏనాడో పోయింది గాని పేరు అలాగే ఉండిపోయింది.

ఈ మధ్య ఎవరైనా చెవి పట్టుకుంటే చాలు, అప్పలస్వామికి గుండె జారుతోంది. పిలుస్తున్నారో, వెక్కిరిస్తున్నారో తెలియడం లేదు.

గురువారం పొద్దున్న సోములు మగ్గం మీంచి తల ఎత్తి చెవి పట్టుకున్నాడు. అప్పలస్వామి అటూ ఇటూ ఆడే నాడెలో దారపు కండె మార్చి, కొస నోటితో పీల్చి కన్నంలోంచి లాగి, అప్పుడు చూశాడు.

"ఆదివారం తొమ్మిది గంటలకి," అన్నాయి సోములు పెదాలు. "సినిమా హాల్లోనట. మద్రాసోలు రికార్డు మిషను తెచ్చేసేరు."

అప్పలస్వామి తల ఊపాడు. గోగునార దుమ్ము కళ్ళల్లో పడినట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

ఇరవై ఏళ్ళుగా అతను గిటారు వాయిస్తున్నాడు. నిలబెట్టి వాయించేది కాదు, ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని తీగల మీద ఇనప కడ్డీ జారుస్తూ వాయించేది. చీపురుపల్లి స్టేషన్లో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన ఉద్యోగం మానుకుని పోతూ ఇచ్చిపోయాడు. నాటకాల్లో తెర పక్కన, పెళ్ళిపందిట్లో స్తంభం వెనక, జగన్నాధం పాటకచేరీల్లో జగన్నాధం భుజం అవతల, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుని వాయించాడు. పాట అయిపోయాక చప్పట్లు పాడినవాడికి పోతాయి, అది న్యాయమే అనుకునేవాడు. కాని వాయించింది వాయించినట్టే గాల్లో కలిసిపోయేది. ఇప్పుడు మొదటిసారి జగన్నాధం పాట ఒకటి రికార్డుకెక్కుతోంది. ఎక్కితే అందులో గిటారు కూడా ఉండిపోతుంది. తన చెవులు పూర్తిగా పోయాక కూడా ఉంటుంది.

అవును, చెవులు పోతున్నాయి. ఇది అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఆదివారం అతనిది కాకుండా పోతుంది.

శుక్రవారం సాయంత్రం గంటస్తంభం దగ్గర జగన్నాధం బట్టల కొట్టు మేడమీద సాధన. జగన్నాధం కొట్టు పని గుమస్తాలకి వదిలేసి పాటలు కట్టుకునే మనిషి, గొంతు మంచిది, మనసూ చెడ్డది కాదు, తొందర మాత్రం ఎక్కువ. రికార్డు చెయ్యబోయేది నాగావళి రేవు మీద అతను తనే రాసి, తనే కట్టిన పాట. అందులో చరణానికీ చరణానికీ మధ్య గిటారు ముక్క ఒకటి ఉంది. అది మాత్రం అప్పలస్వామి కట్టింది. దాన్ని ఎవరు కట్టారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆవేళ జగన్నాధం గాలికోసం కిటికీ వైపు తిరిగి హార్మోనియం పెట్టుకున్నాడు. అతని వీపు తప్ప అప్పలస్వామికి ఏమీ కనపడలేదు. పక్కన కూర్చున్న సోములు మోకాలు తన మోకాలికి ఆనుతోంది, దరువు అందులోంచి అందుతోంది. పల్లవి బాగానే నడిచింది. రెండో చరణానికి ముందు అప్పలస్వామి కళ్ళు మూసుకుని మూడో తీగ మీద కడ్డీని మెల్లగా పైకి జార్చాడు. జార్చి, ఆపి, వణికించి, మళ్ళీ కిందికి తెచ్చాడు. కళ్ళు తెరిచేసరికి సోములు చేతులు తబలా మీద కదలకుండా ఉన్నాయి. జగన్నాధం ఇటు తిరిగి చూస్తున్నాడు. అందరూ ఆపేసి ఎంతసేపయిందో!

"ఆగమని మూడుసార్లు అన్నాను అప్పలస్వామీ."

"ముక్క తియ్యగా ఒచ్చింది బాబూ. వదలబుద్ధెయ్యలేదు."

జగన్నాధం కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. కండువా మూతి దగ్గర ఉండగానే ఏదో అన్నాడు. అప్పలస్వామికి కండువా మాత్రమే కనిపించింది. అయినా వినయంగా తల వంచాడు.

"అలాగే బాబూ."

సోములు తబలా గుడ్డ సర్దుకుంటూ నేల చూపులు చూశాడు. తిరిగి వస్తున్నప్పుడు సైకిలు ఆపి అప్పలస్వామికి ఎదురుగా నిలబడ్డాడు.

"మావా, ఆయనేటడిగేడో ఎరుకా నీకు?"

"ఏటి?"

"నీకు సెవుడు గాని ఒచ్చిందా అని అడిగేడు. నువ్వు అలాగే బాబూ అన్నావు."

అప్పలస్వామి సైకిలు కేరేజీ మీద గోనెపట్టా చుట్టిన గిటారుని పట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. సోములు మాత్రం నవ్వలేదు.

"ఇంకోటి. ఇసాపట్నం నుంచి గిటారుకి ఇంకొకాయన్ని రమ్మని కబురెట్టేడు. పోర్టులో గుమస్తా, చినబాబట. ఆదివారం ఒస్తాడు. అవసరం పడితేనేలే అన్నాడు."

"అవసరం పడతాది," అన్నాడు అప్పలస్వామి.

శనివారం మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి వాకిట్లో పీట వేసుకున్నాడు. ఆరు తీగలూ విప్పి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ కట్టాడు. బొటనవేలికీ చూపుడువేలికీ తొడుక్కునే రేకు గోళ్ళు రాతిమీద నూరుకున్నాడు. కడ్డీ అరిగిపోయిన మగ్గం ఇరుసు ముక్క. దాన్ని ఆకురాయితో ఆరునెలలు అరగదీసి అద్దంలా చేసుకున్నాడు. తీగ మీద పెట్టి మీటాడు. సన్న తీగ చెవికి చేరలేదు. గట్టిగా మీటాడు. దూరంగా ఎక్కడో పక్క వీధిలో వాయిస్తున్నట్టుంది. మనసంతా రేపటి మీదే ఉంది. రేపు కిటికీ వైపు ఎవరు తిరుగుతారో, ఎవరి మూతి మీద ఏ కండువా ఉంటుందో.

అతని భార్య కాంతం పొయ్యి దగ్గర చేపల పులుసు చూస్తోంది. చాలాసేపటికి గరిటె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

"పొయ్యికేసి తిరిగి నిన్ను నానా తిట్లూ తిట్టేను బావా. మీ అమ్మనీ ఒదల్లేదు. నువ్వు పలకలేదు."

అప్పలస్వామి చెయ్యి తీగల మీద ఆగిపోయింది.

"రెండేళ్ళ బట్టి నీ ఎదురుకొచ్చి నిలబడే మాటాడతన్నాను. నాకు తెలీదనుకున్నావేటి? నానూ ఆ మిల్లులోనే గోనెలు కుట్టేను."

దొంగతనం బయటపడినట్టు సిగ్గుపడిపోయాడతను. రెండేళ్ళు తను దాచాననుకుంటున్నది ఈమె రోజూ మోస్తోందన్నమాట. మాట్లాడాల్సిన ప్రతిసారీ చేతిలో పని వదిలి, లేచొచ్చి, ఎదురుగా నిలబడింది. అది ఆమె అలవాటనుకున్నాడు తప్ప ఎందుకని ఎన్నడూ ఆలోచించలేదు.

"మరి గిటారు ఇనపడతన్నాదా?" అంది కాంతం.

"సెవికి కొంచెమే. ఇక్కడ ఇనపడతన్నాది." తొడల మీద చెయ్యి వేసి చూపించాడు. "శృతి తప్పితే ఇక్కడ గిలగిల్లాడతాది. కలిసిందంటే సద్దు మణిగిపోతాది."

కాంతం చెంగుతో చేతులు తుడుచుకుని పీట పక్కన కూర్చుంది. గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఏదీ, వాయించు."

వాయించాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. పులుసు అడుగంటింది.

ఆదివారం హాలులో మొదటి ఆట రెండున్నరకి. ఈలోగా పని ముగియాలి. ముందు వరస కుర్చీలు తీయించి పలకల వేదిక వేశారు. గోడలు మోగకుండా పై నుంచి కింది దాకా గోనెపట్టాలు వేలాడదీశారు. అప్పలస్వామి దగ్గరికి వెళ్ళి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తమ షెడ్డు నేతే. ఎక్కడో ఒకచోట అందులో తను నేసింది కూడా ఉండే ఉంటుంది. అది చూస్తే కొంచెం ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంతోసేపు లేదు.

హాలు యజమాని ఇంటి ఆడవాళ్ళు కూర్చుని సినిమా చూసే అద్దాల గది ఒకటి పక్కనే ఉంది. మద్రాసు ఇంజనీరు తన మిషను అందులో పెట్టుకున్నాడు. పొడుగ్గా, సన్నగా, విభూతి పెట్టుకుని ఉన్నాడు. చెవులకి ఫోన్లు తగిలించుకున్నాడు. చెయ్యెత్తితే మొదలుపెట్టాలి, దించితే ఆపాలి. ఇలా చేతులతో చెప్పడం అప్పలస్వామికి బాగుంది.

మొదలుపెట్టారు. సోములు మోకాలు ఆనించాడు. పల్లవి దాటింది. చరణంలోకి వెళ్ళేసరికి అద్దం అవతల ఇంజనీరు మొహం చిట్లించాడు. చెయ్యి దించాడు. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అదే చోట, అదే చిట్లింపు. అప్పలస్వామి తొడల మీద గిటారు నిలకడగానే ఉంది, గిలగిల ఏమీ లేదు. కాని తొడల మాట ఎంతవరకు నమ్మాలి? చెవులు ఇంతకుముందే మోసం చేశాయి కదా.

ఇంజనీరు జగన్నాధాన్ని వేలితో లోపలికి రమ్మన్నాడు. తలుపు మూసుకుంది.

మనుషులు అద్దాల గదిలోకి ఎందుకు వెళ్తారంటే మాట బయటికి పోకూడదని. మగ్గాల షెడ్డులో ఇరవై ఏళ్ళు బతికినవాడి ఎదుట ఆ పప్పులు ఉడకవని వాళ్ళకి తెలియదు. ఇంజనీరు వీపు ఇటుంది, అతనేమంటున్నాడో తెలియదు. జగన్నాధం మొహం మాత్రం ఎదురుగా ఉంది. ప్రతి మాటా పలక మీద రాసినట్టు కనపడుతోంది.

"అతనే అయివుంటాడు... అతనికి చెవుడండి, మిల్లు పని... ఇరవై ఏళ్ళనుంచి నాతో ఉన్నాడు, వద్దని చెప్పలేక తెచ్చాను... తీసేద్దాం. బయట ఇంకొకాయన సిద్ధంగా ఉన్నారు."

అప్పలస్వామి వేళ్ళకున్న రేకు గోళ్ళు ఒక్కొక్కటీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తీగలు తుడిచాడు. గిటారుని గోనెపట్టాలో చుట్టాడు. లేవమని చెప్పించుకుని లేవడం కంటే ముందే లేవడం మేలనిపించింది.

"ఏటి మావా?" అన్నాడు సోములు.

అప్పలస్వామి అరచెయ్యి బోర్లించి గాల్లో అడ్డంగా గీశాడు. మగ్గం ఆగిపోయిందని చెప్పడానికి మిల్లులో అందరూ చేసే సైగ అది. చెప్పి బయటికి నడిచాడు.

బయట సినిమా బొమ్మల కింద ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకడు పెట్టెలో గిటారు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. గోనెపట్టా ఆకారం చూడగానే లేచి నిలబడ్డాడు. అప్పలస్వామి అతని పెదాల కేసి చూశాడు. అలవాటై పోయింది.

"అప్పలస్వామిగారంటే మీరేనాండి? నా పేరు చినబాబు. కిందటేడు చీపురుపల్లిలో నాటకానికి మా బంధువులతో వచ్చాను. తెర పక్కన మీరు వాయిస్తుంటే నాటకం వదిలేసి ఆ పక్కకొచ్చి నిలబడ్డాను. చెయ్యి చూద్దామంటే కనపడలేదు. ఆ జారుడు ఎలా వేస్తారో ఏడాదినుంచీ పట్టుకోడానికి చూస్తన్నాను, నాకు రావడం లేదు."

ఇరవై ఏళ్ళలో ఎవరైనా తన చెయ్యి చూడాలనుకున్నారని అప్పలస్వామికి ఇప్పుడే తెలిసింది. అదీ తన చోటులోకి వచ్చిన మనిషి నోటివెంట.

"ఇక్కడ మీరున్నారని తెలిస్తే వచ్చేవాణ్ణి కాదండి," అన్నాడు చినబాబు.

"నీ తప్పేటున్నాది బాబూ." జేబులోంచి కడ్డీ తీసి అతని అరచేతిలో పెట్టాడు. "దీంతో వాయించు. బరువుంటాది, దానంతటదే జారతాది. ఆ పాటకి ఇదే బాగుంటాది."

చినబాబు కడ్డీని చేతిలో తూచి చూస్తుండగానే హాలు తలుపు తెరుచుకుంది. ముందు సోములు, వెనక ఫోన్లు మెడలో వేసుకున్న ఇంజనీరు, అతని వెనక జగన్నాధం. ఇంజనీరు తిన్నగా అప్పలస్వామి దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి, వచ్చీరాని తెలుగులో నెమ్మదిగా అన్నాడు.

"గిటారు ఎక్కడ పోతుంది? గిటారు పోతే నేను ఏమి రికార్డు చేసేది?"

అప్పలస్వామి గోనెపట్టాలో గిటారుని ఒంటికి దగ్గరగా పట్టుకున్నాడు.

"చరణంలో పాట శృతి దాటి పైకి పోతుంది. రెండుసార్లు పోయింది. మైకు ముందర భయం, అందరికీ వస్తుంది. హార్మోనియం ఆ పాట వెనకాలే తడుముతుంది. మీ గిటారు ఒకటే నిలబడి ఉంది. అందరిముందర చెప్పకూడదని ఆయన్ని లోపలికి పిలిచి చెప్పాను. హార్మోనియం వద్దు, గిటారుని పట్టుకుని పాడండి అని."

తనకి కనపడని సగం మాట అది. ఆ సగం తన గురించి మంచిగా ఉంటుందని అప్పలస్వామికి ఒక్క క్షణం కూడా తట్టలేదు. చినబాబు నవ్వి కడ్డీ తిరిగి అతని చేతిలో పెట్టేశాడు.

లోపల హార్మోనియం మూత వేసి వేదిక కిందికి దించారు. ఇరవై ఏళ్ళుగా ఆ హార్మోనియం మెట్ల మీదే ఉండే జగన్నాధం చేతులకి ఇప్పుడు పని లేదు. ఒకసారి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. అతన్ని చూస్తే అప్పలస్వామికి కోపం రావలసింది, జాలి వచ్చింది. ఇందాకటిదాకా తనూ అలాగే భయపడుతూ ఉన్నాడు.

"అప్పలస్వామీ, లోపల నేను ఏదో..." అని జగన్నాధం ఆగాడు.

"సూసేను బాబూ."

"ఏం చూశావు?"

"అద్దంలోంచి మీ నోరు సూసేను. మాకు మిల్లులో అదే అలవాటు. ఏ మాటా పోలేదు."

జగన్నాధం మొహం ఎర్రబడింది. కండువా మూతి దగ్గరికి తెచ్చుకోబోయి, మళ్ళీ భుజం మీద వేసేసుకున్నాడు.

"ఎదురుగా కూకోండి బాబూ," అన్నాడు అప్పలస్వామి. "మీ నోరు నాకు కనపడాల. నా సెయ్యి మీకు కనపడాల. తోవ తప్పితే నా సెయ్యి కేసి సూడండి."

జగన్నాధం వచ్చి అతనికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎన్నో కచేరీలు కలిసి చేశారు, ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఇంజనీరు చెయ్యెత్తాడు. చరణం వచ్చేసరికి జగన్నాధం కళ్ళు కడ్డీ మీదికి దిగాయి. కడ్డీ ఎక్కడ నిలిస్తే గొంతు అక్కడ నిలిచింది. మధ్యలో గిటారు ముక్క వచ్చినప్పుడు అతను కళ్ళు తియ్యలేదు. అద్దం అవతల ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దించలేదు.

అయిపోయాక ఇంజనీరు అప్పలస్వామిని అద్దాల గదిలోకి పిలిచి, ఫోన్లు అతని చెవులకి పెట్టి, మీట తిప్పి చప్పుడు పెంచాడు. రెండేళ్ళుగా వినపడని సన్న తీగ వినపడింది. పక్క వీధిలో కాదు, తలలో. ఆ జారుడు చివర తన చెయ్యి వణకడం కూడా వినపడింది. అప్పలస్వామి ఏడ్చాడు, ఎవరు చూసినా పట్టించుకోలేదు.

ఇంజనీరు పేరడిగి తన పుస్తకంలో అరవంలో రాసుకున్నాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా బొటనవేలు గోరు చూపించాడు.

"రికార్డు మధ్యన కాగితం మీద ఇంతే చోటు. పాడినవారి పేరు, కంపెనీ పేరు. వాయించినవాళ్ళది వెయ్యరు."

గుమ్మం దగ్గరున్న జగన్నాధం కండువా సర్దుకుంటూ అటు తిరిగాడు.

"పరవాలేదు బాబూ," అన్నాడు అప్పలస్వామి. అన్నాడు గాని పరవా ఉంది. ఇంటికి వెళ్ళేదాకా ఆ గోరంత చోటే కళ్ళముందు ఉంది. కాంతానికి అంతా చెప్పి, ఆ సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాత అదీ చెప్పాడు. ఆమె దగ్గర దాచడం ఇక ఎందుకులే అనిపించింది.

సోమవారం ఆరు గంటల పాళీ. మగ్గాలు మొదలయ్యాయి. సోములు నోరు ఊరుకోలేదు. హాలూ, అద్దాల గదీ, మద్రాసాయనా, చినబాబూ, ఎవరెవరు ఏమేమన్నారో అంతా ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి పెదాల మీద పోయింది. తొమ్మిది గంటలకి షెడ్డు ఆ చివరిదాకా చేరింది. చెవుడు సంగతి కూడా చేరే ఉంటుంది. అప్పలస్వామి తల ఎత్తలేదు. ఎత్తితే చెవి పట్టుకున్న చెయ్యి ఏదో కనపడుతుందని భయం. కండె మార్చాడు, నాడె మళ్ళీ పెట్టాడు, బట్ట కేసి చూస్తూ ఉండిపోయాడు.

ఎంతసేపని తల వంచుకుంటాడు? దాహమై కుండ కోసం తిరిగాడు. నాలుగు మగ్గాల అవతల నూకయ్య, షెడ్డు మొత్తానికి పెద్ద నేతగాడు, ఇటే చూస్తున్నాడు. చెవి పట్టుకోలేదు. ఎడమ ముంజేతిని పొట్ట దగ్గర అడ్డంగా పెట్టుకుని, దాని మీద కుడిచేతి పిడికిలిని మణికట్టు నుంచి మోచేతిదాకా మెల్లగా జార్చాడు. జార్చి, చివర కొంచెం వణికించాడు.

అప్పలస్వామి వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో పిలుస్తున్నాడేమోనని. వెనక ఎవరూ లేరు. ఆ పక్క మగ్గం మనిషి కూడా అలాగే ముంజేతి మీద పిడికిలి జార్చాడు. ఆ వరస చివర మరొకడు.

నూకయ్య విసుగ్గా మళ్ళీ జార్చి, పెదాలు కదిపాడు.

"నిన్నే. దారం తెగింది, సూసుకో."

నిజమే, తెగింది. అప్పలస్వామి మగ్గం ఆపి, తెగిన కొసలు రెండూ వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది, కళ్ళు సరిగ్గా కనపడలేదు.